చీలమండ సరిహద్దు

కాలువల నిర్వహణ బోర్డు కేంద్ర కార్యాలయంలో పనిచేసే పాలెపు రత్నావళికి మనుషుల పాదాల మీద ప్రత్యేకమైన ఆసక్తి ఏనాడూ లేదు. ఆమె రికార్డు విభాగంలో సూపరింటెండెంటు. పాత ఫైళ్ళకు చెదలు పట్టకుండా చూడటం, అడిగినవాళ్ళకు అడిగిన ఫైలు తీసివ్వడం, అది దొరక్కపోతే ఎప్పుడో పై ఆఫీసుకు పంపేశామని మర్యాదగా చెప్పడం ఆమె పని. అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి, ఆ భవనంలో షుగరు జబ్బు ఉన్న వాళ్ళందరి పాదాలకూ బాధ్యురాలైపోయి ఉంది.

దీనికంతటికీ మూలం ఒక ఉపన్యాసం. ప్రతి కార్యాలయంలోనూ మధుమేహ చైతన్య సదస్సు జరిపి, జరిపినట్టు ఫొటో పంపాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఫొటో కోసం సదస్సు, సదస్సు కోసం ఒక డాక్టరు అవసరమయ్యారు. పట్టణంలోని పెద్దాసుపత్రి నుంచి కౌముది అనే వైద్యురాలిని పిలిపించారు. దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోతుందనుకుంటే ఆవిడ నిజంగానే విషయం చెప్పడం మొదలుపెట్టింది.

షుగరు జబ్బులో ముందుగా దెబ్బతినేది రక్తనాళాలని చెప్పింది. నున్నగా ఉండాల్సిన లోపలి గోడలు గరుకెక్కుతాయనీ, మందం కడతాయనీ, రక్తం నడిచే దారి ఇరుకైపోతుందనీ చెప్పింది. అందుకు చక్కెర ఒక్కటే కారణం కాదట. రక్తపోటు, కొవ్వు, పొగ, కదలకుండా కూర్చోవడం, సరిగా నిద్రపోకపోవడం, మనసులో ఎడతెగని ఆందోళన, ఇవన్నీ ఒకదానికొకటి తోడవుతాయట. ఒకదాన్ని పట్టుకుని తక్కినవాటిని వదిలేస్తే పట్టుకున్నదాని వల్ల కూడా పూర్తి ఫలితం ఉండదట. దెబ్బ బయటపడేది మాత్రం కొసల్లో: కళ్ళలో, మూత్రపిండాల్లో, పాదాల్లో. పాదాల్లో స్పర్శ కూడా పోతుంది గనక గాయమైనా తెలియదట. అందుకని మనిషిని మొత్తంగా చూడాలని చెప్పి ఆవిడ కూర్చుంది.

చీఫ్ ఇంజినీరు శేషతల్పశాయి గారు ఈ ఉపన్యాసం విని కదిలిపోయారు. ఆయన జీవితమంతా కాలువల మధ్య గడిపిన మనిషి. గోడలు దెబ్బతినడం, పూడిక పడటం, శివారుకు అందకపోవడం, ఇంతకంటే అర్థమయ్యే భాషలో ఆయనకు ఎవరూ వైద్యం చెప్పలేదు. పైగా ఆయనకూ షుగరు ఉంది. అధ్యక్షోపన్యాసానికి లేచి, మానవ దేహం ఒక మధ్యతరహా నీటిపారుదల పథకమని ఈ సదస్సు ద్వారా నిర్ధారణ అయిందనీ, అటువంటి పథకాన్ని నిర్వహించే సాంకేతిక సామర్థ్యం కాలువల బోర్డుకు ఉన్నంతగా వైద్యులకు కూడా ఉండదనీ ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సమయానికి డెల్టాలో శివారు పొలాలకు నీళ్ళందక రైతులు లాకుల దగ్గర బైఠాయించి ఉన్నారు గానీ, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నివేదిక రాసేటప్పుడు మాత్రం ఒక ఇబ్బంది ఎదురైంది. మనిషిని మొత్తంగా చూడాలని డాక్టరు చెప్పింది. బోర్డులో ఇంతవరకూ దేన్నీ మొత్తంగా చూసిన సంప్రదాయం లేదు. కాలువ ఒకరిది, కాలువ గట్టు ఇంకొకరిది, గట్టు మీది చెట్టు మరొకరిది. ఆ చెట్టు కాలువలో పడితే తీయించవలసింది ఎవరన్నది తేలక, ఒక తుమ్మచెట్టు రెండు వర్షాకాలాలుగా నీళ్ళలోనే చిగురిస్తోంది. అందుచేత ‘మొత్తంగా’ అనే మాటను ‘విభాగాల వారీగా’ అని సవరించుకుని ఉత్తరువు వెలువరించారు.

షుగరు విభాగం విశ్వేశ్వరానికి ఇచ్చారు. ఆయన లెక్కల్లో ఆరితేరినవాడు. ఏ అంకె ఎక్కడ ఉండాలంటే అక్కడికి తీసుకురాగలడు. రక్తపోటు, కొవ్వు, పొగ, నడక విభాగాలు ఒక్కొక్కటీ ఒక్కో అధికారికి దక్కాయి. నిద్ర, ఆందోళనల సంగతి తరవాత చూద్దామన్నారు. పాదాలకు శివారు విభాగమని పేరుపెట్టి రత్నావళికి అప్పగించారు. ఎందుకో కూడా ఉత్తరువులోనే ఉంది: ‘రికార్డు విభాగము క్రింది అంతస్తులో నుండుటచేతను, పాదములు సైతము క్రిందనే యుండుటచేతను.’

తనకు పాదాల గురించి ఏమీ తెలియదని చెప్పుకోవడానికి ఆమె చీఫ్ ఇంజినీరు గదికి వెళ్ళింది. ఆయన దయగా విన్నారు.

“తెలియకపోవడమే మంచిదమ్మా. తెలిసినవాళ్ళయితే పక్క విభాగాల్లో జోక్యం చేసుకుంటారు,” అన్నారు.

ఆ వారంలోనే మనిషి ఒంటి మీద ఏ విభాగం హద్దు ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో చూపించే పటం ఒకటి తయారైంది. దాన్ని గీసినవాడు సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ బొంతు సింహాద్రి. పొడుగాటి మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. డెల్టాలోని ప్రతి పిల్లకాలువా ఎక్కడ వంపు తిరుగుతుందో చెయ్యెత్తకుండా గీసెయ్యగలడు. షుగరు జబ్బు ఉందని చాలా ఏళ్ళ కిందటే తెలిసింది. పటం గియ్యడం పూర్తయినప్పుడల్లా ఆఫీసు వెనక మెట్ల మీద కూర్చుని ఒక చుట్ట కాల్చడం, అది ఆరేలోపు రెండోది వెలిగించడం అతని అలవాటు. మనిషి పటాన్ని కూడా అంత శ్రద్ధగానే గీశాడు. ఒక్కో విభాగానికి ఒక్కో రంగు. అరికాలి నుంచి చీలమండ ఎముక దాకా ఆకుపచ్చ, అది రత్నావళిది. చీలమండ పైనుంచి మోకాలి దాకా ఏ రంగూ లేదు. ‘పరిశీలనలో నున్నది’ అని రాసి ఉంది.

చీలమండ దగ్గరే ఎందుకు ఆపారని రత్నావళి అడిగితే సింహాద్రి నవ్వాడు. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదండీ, ఎముక పొడుచుకొచ్చి కనపడింది, అక్కడ గీసేశానన్నాడు.

విభాగాలు పని మొదలుపెట్టాయి. మొదటి ఫలితం కాంటీన్లో కనిపించింది. షుగరు విభాగం టీలో చక్కెర మాన్పించి, స్వీట్లు ఎత్తివేయించి, వాటి స్థానంలో చక్కెర ఏమాత్రం లేని మిరపకాయ బజ్జీలను ప్రోత్సహించింది. మూడో రోజుకల్లా కొవ్వు విభాగం వచ్చి బజ్జీలను నిషేధించి, నూనె లేని ఉప్పు శనగలు పెట్టించింది. రక్తపోటు విభాగం వచ్చి ఉప్పు తీయించింది. ఉప్పులేని శనగలు ఎవరూ తినలేదు. కాంటీను నడిపే వీర్రాజు చివరికి పెద్ద గిన్నెలో వేడినీళ్ళు కాచి, ఇవి ఏ విభాగం కిందకి వస్తాయో చెబితే పొయ్యి కట్టెయ్యాలో లేదో చూసుకుంటానని అర్జీ పెట్టుకున్నాడు. ఉద్యోగులు వీధి చివర మిఠాయి కొట్టుకు వెళ్ళడం మొదలెట్టారు. అది కాంపౌండు గోడకు అవతల ఉంది గనక ఎవరి హద్దులోకీ రాదు.

పొగ విభాగం మిగతావాళ్ళకంటే చురుకుగా నడిచింది. దాని పని ఎంతమంది చేత పొగ మాన్పించిందన్న దాన్నిబట్టి అంచనా వేస్తామన్నారు. నిజంగా కాల్చేవాళ్ళను పట్టుకుంటే మానతారో లేదో నమ్మకం లేదు. అందుకని, జన్మలో ఎన్నడూ కాల్చనివాళ్ళను పిలిచి, నెలాఖరు దాకా పొగతాగేవాళ్ళుగా నమోదు కమ్మని బతిమాలారు. మరుసటి నెలలో వాళ్ళంతా ఒక్కుమ్మడిగా మానేశారు. రత్నావళి కూడా రోజుకు ఒక పెట్టె చొప్పున కాల్చి మానేసినట్టు తేలింది. ఇంట్లో ఈ సంగతి చెబితే ఆమె అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. సింహాద్రిని మాత్రం, అతని వల్ల శాతం పడిపోతుందని, మొదటి నుంచీ పొగతాగనివాడుగా రాసేశారు. అతను ఆ కాగితం మీద సంతకం పెట్టి మెట్ల మీదికి వెళ్ళి చుట్ట వెలిగించుకున్నాడు.

రక్తపోటు విభాగం మూడో అంతస్తులో ఉంది. అక్కడిదాకా మెట్లెక్కినవాళ్ళందరికీ పోటు ఎక్కువే వచ్చింది. దాన్ని విశ్రాంత స్థితిలోనే కొలవాలని నియమావళిలో ఉందని గుర్తించి, భోజనాలయ్యాక కుర్చీల్లో కునికేవాళ్ళ దగ్గరికే మిషను పంపించారు. మేలుకుంటే కొలత రద్దు. షుగరు విభాగం ఏ రోజు సూది గుచ్చుతుందో వారం ముందే దండోరా వేసేది. ఆ ముందు రోజు పగలంతా పస్తుండమని విశ్వేశ్వరం స్వయంగా బల్ల బల్లకూ తిరిగి చెప్పేవాడు. మూడు నెలల సగటును ఒక్కసారిగా చెప్పేసే పరీక్ష ఒకటి ఉందని డాక్టరు కౌముది కబురు పంపితే, ముగిసిపోయిన నెలల జోలికి పోవడం పాత ఫైళ్ళు తిరగదోడటంతో సమానమని జవాబు రాశాడు.

ఇంత హడావుడిలోనూ రత్నావళి తన పాదాల పని తాను చేసుకుపోయింది. మొదట్లో ఆమెకూ సిగ్గుగానే ఉండేది, వచ్చినవాళ్ళకూ సిగ్గుగానే ఉండేది. కొందరు మడమలు రుద్దుకుని, పౌడరు అద్దుకుని పెళ్ళిచూపులకు వచ్చినట్టు వచ్చేవాళ్ళు. ఏం చూడాలో తెలియక ఆమె కౌముదికి ఫోను చేసింది. వేళ్ళ సందులు చూడమనీ, రంగు చూడమనీ, చల్లగా ఉన్నాయేమో ముట్టుకు చూడమనీ, పాదం పైన నాడి ఎక్కడ కొట్టుకుంటుందో వేలు పెట్టి వెతకమనీ, కళ్ళు మూయించి దూదితో తాకి తెలుస్తోందో లేదో అడగమనీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. చూడగా చూడగా రత్నావళికి పాదాల మీద ఒక రకమైన జాలి పుట్టింది. రోజంతా మనిషిని మోసి, ఎవరూ పట్టించుకోకపోయినా బల్లల కింద పడి ఉండేవి అవేనని ఆమెకు తోచింది.

సింహాద్రి పాదాలు ఆమెను కలవరపెట్టాయి. ఎండాకాలంలోనూ చల్లగా ఉన్నాయి. నాడి వెతికి వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. దూదితో తాకితే అతనికి తెలియలేదు. ఆసుపత్రికి వెళ్ళమంటే, గట్ల వెంట నడిచి నడిచి మొద్దుబారిన కాళ్ళవి, ఇవాళ కొత్తగా ఏమొచ్చిందని కొట్టిపారేశాడు. ఆమె ఊరుకోక పైకి రాసింది. స్పర్శ అనేది నరములకు సంబంధించినదనీ, ప్రస్తుత పథకం నాళములకు మాత్రమే మంజూరైనదనీ సమాధానం వచ్చింది.

అంతలో నడక విభాగం మేలుకుంది. షుగరు ఉన్నవాళ్ళందరూ రోజూ సాయంత్రం కాలువ గట్టు మీద నడవాలని ఉత్తరువు. నడవడానికి బూట్లు ఆఫీసే ఇస్తుంది. ఎవరి కొలత వారిది తీసుకుంటే ఆలస్యమవుతుందని, ఆఫీసులోని పాదాల కొలతలన్నీ కూడి, భాగించి, ఒక సగటు పాదాన్ని కనుక్కున్నారు. ఆ సగటు పాదం కార్యాలయం మొత్తంలో ఎవరికీ లేదు. అయినా అందరికీ దానికి సరిపోయే బూట్లే వచ్చాయి. చిన్న పాదాలవాళ్ళు ముందు గుడ్డలు కుక్కుకున్నారు. సింహాద్రివి పెద్ద పాదాలు. తాళ్ళు విప్పి, మడమ నొక్కి, ఎలాగో దూర్చాడు. గట్టి అట్టలాంటి బూటు అంచు చీలమండ మీద రంపంలా ఆడుతున్నా అతనికి తెలియలేదు. నడక విభాగం వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. మిగతావాళ్ళంతా కుంటుతుంటే అతనొక్కడే నిటారుగా నడిచాడు.

ఆ వారం తనిఖీలో రత్నావళి అతని మేజోడు తీయించేసరికి అది చర్మానికి అంటుకుని వచ్చింది. చీలమండ ఎముక మీద రేగుపండంత పుండు. అంచులు తెల్లగా, నడుమ నల్లగా ఉంది. చిటికెన వేలు రంగు కూడా మారింది.

ఆమె వెంటనే రాయబోయి కలం ఆపేసింది. పుండులో కొంత భాగం ఎముకకు కింద ఉంది. ఎక్కువ భాగం పైన ఉంది. పైభాగం ఎవరిదీ కాదు. అయినా రాసింది. ఆ కాగితం అన్ని విభాగాలకూ తిరిగింది. షుగరు విభాగం, సదరు ఉద్యోగి చక్కెర ఆదర్శప్రాయమని రాసింది. రక్తపోటు విభాగం, నిద్రావస్థలో ఆయన పోటు పసిపిల్లవాడి పోటులా ఉందని రాసింది. పొగ విభాగం, ఆయన పొగే తాగడని రాసింది. నడక విభాగం, ఆయన అందరికంటే బాగా నడుస్తున్నాడని రాసింది. కొవ్వు విభాగం మనిషి సన్నగా ఉన్నాడు గనక చూడనక్కర్లేదని రాసింది. ఇవన్నీ చదివిన శేషతల్పశాయి గారు రత్నావళిని పిలిపించారు. కౌముదికి ఫోను చేస్తే వెంటనే తీసుకురమ్మందని, అతన్ని ఆసుపత్రికి పంపడానికి అనుమతి ఇవ్వమని ఆమె కోరింది.

“రత్నావళి గారూ, నాళాలు చెడితేనే కదమ్మా పుండు మానకపోవడం? నాళాలు బాగున్నట్టు అయిదు విభాగాలు ధ్రువీకరించాయి. కాబట్టి సాంకేతికంగా అక్కడ పుండు ఉండటానికి అవకాశం లేదు,” అన్నారాయన.

“నేను కళ్ళతో చూశాను సార్.”

“చూసినదాంట్లో ఎక్కువ భాగం మీ హద్దుకు పైన ఉందని మీరే రాశారు. మన హద్దులో లేనిదాన్ని మనం చూడకూడదు. మీమీద నాకు గౌరవం ఉంది, అందుకే రాతపూర్వకంగా అడగడం లేదు.”

ఆమె కిందికి దిగి వచ్చింది. ఆ రోజు ఏ ఫైలు అడిగినా పై ఆఫీసుకు పంపేశామనే చెప్పింది. సింహాద్రికి తానే గుడ్డ కట్టి, బూట్లు మానేసి ఇంట్లో ఉండమంది. అతను సెలవు పెడితే శాతాలు పడిపోతాయని సెలవివ్వలేదు. ఇంట్లో భార్యకు చూపించమంటే, ఆవిడ గాబరా మనిషండీ అని తప్పించుకున్నాడు.

శాతాలకు అప్పుడు మంచి గిరాకీ వచ్చింది మరి. రక్తనాళాల రక్షణలో ఈ బోర్డు సాధించిన ప్రగతి పైవాళ్ళ కంటపడి, ‘నాళమిత్ర’ అనే జ్ఞాపిక ప్రకటించారు. ఇవ్వడానికి రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారు. వేదిక మీద ఒక ఆదర్శ రోగిని నిలబెట్టాలన్నారు. అన్ని విభాగాల అంకెలూ సక్రమంగా ఉన్న ఉద్యోగి ఎవరా అని విశ్వేశ్వరం వెతికాడు. ఒకే ఒక్క పేరు తేలింది. బొంతు సింహాద్రి.

సభ రోజున షామియానా వేశారు. వేదిక వెనక మనిషి పటాన్ని పెద్దదిగా చేయించి కట్టారు. సింహాద్రి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ఆఫీసు బూట్లతో రికార్డు గది ముందు నుంచి వెళుతుంటే రత్నావళికి ముందు వాసన తెలిసింది. తరవాత మనిషి కనిపించాడు. లోపలికి రమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి బూటు విప్పింది. కట్టిన గుడ్డ తడిసి నల్లబడింది. చిటికెన వేలు బొగ్గు రంగుకు వచ్చింది.

“నొప్పిగా ఉందా?” అంది.

“లేదండి. అదొక్కటే సంతోషం.”

“సింహాద్రి గారూ, నొప్పి లేదంటేనే నాకు భయం వేస్తోంది. లేవండి, ఆసుపత్రికి వెళ్దాం.”

“ఇప్పుడు పేరు పిలుస్తారండి స్టేజీ మీద.”

“పిలవనివ్వండి.”

అతను తల వంచుకుని తన పాదం వైపు చూశాడు. తాను గీసిన గీత ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు చూశాడు. “మీకు మాటొస్తుందండి. మీది చీలమండ కిందిదాకే,” అన్నాడు.

“కిందిది నేను తీసుకొస్తాను. పైది మీరు తెచ్చుకోండి,” అంది రత్నావళి, అతని చెయ్యి తన భుజం మీద వేసుకుంటూ.

వాళ్ళు వెనక గేటు దగ్గర ఆటో ఎక్కుతుండగా మైకులో సింహాద్రి పేరు వినిపించింది. రెండోసారి కూడా పిలిచారు. మూడోసారి పిలిచేలోపే విశ్వేశ్వరం తానే ఆదర్శ రోగిగా మెట్లెక్కి జ్ఞాపిక పట్టుకున్నాడని ఆ తరవాత వీర్రాజు చెప్పాడు.

ఆసుపత్రిలో సింహాద్రి జేబులోంచి ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య పత్రం తీసి ఇచ్చాడు. కౌముది దాన్ని చదివి, పుండు వైపు చూసి, మళ్ళీ చదివి, ఇవి ఎవరి అంకెలని అడిగింది. ఆవిడ పత్రం పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టింది. చక్కెర చూసింది, కూర్చోబెట్టి మేలుకుని ఉండగా రక్తపోటు చూసింది. కొవ్వుకూ మూత్రపిండాలకూ రక్తం తీయించింది. తొడ నుంచి కిందిదాకా రక్తం ఎక్కడ ఆగిపోతోందో మిషను పెట్టి వెతికింది. ఏదీ పత్రంలో ఉన్నట్టు లేదు. పొగ తాగుతారా అని అడిగితే అతను రత్నావళి మొహంలోకి చూశాడు. అధికారికంగా తాగనండి, అన్నాడు. ఆ తరవాత నిజం చెప్పాడు.

మోకాలికి దిగువన నాళం దాదాపు మూసుకుపోయింది. అతన్ని ఆ సాయంత్రమే నగరంలోని ఇంకా పెద్ద ఆసుపత్రికి పంపించారు. అంబులెన్సులో అతను అంతవరకూ దాచుకున్న భయమంతా బయటపడింది. కాలు పోతుందేమో అని అడగలేదు. “నిలబడి గియ్యాలండి పటాలు. కూర్చుంటే చెయ్యి తిరగదండి నాకు,” అని పదేపదే అన్నాడు. రత్నావళి అతని అరికాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. అది అతనికి తెలియదని ఆమెకు తెలుసు.

మూసుకుపోయిన నాళాన్ని తెరిచారు. చిటికెన వేలు తీసేశారు. కాలు దక్కింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మోకాలి దాకా పోయేదని అక్కడి డాక్టర్లు చెప్పారు. సింహాద్రి భార్య రత్నావళి చేతులు పట్టుకుని ఏడ్చింది, తరవాత సంచి అడుగున దొరికిన చుట్టల కట్ట తీసుకెళ్ళి నర్సు చేతికిచ్చింది.

రత్నావళి ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి బల్ల మీద మెమో ఉంది.

‘పని వేళల్లో అనుమతి లేకుండా కార్యాలయము విడిచినందులకును, పాదముపై మాత్రమే అధికారము కలిగియుండి పూర్తి మనిషిని తరలించినందులకును, బయటి వ్యక్తులచేత అసలు అంకెలు తీయించి బోర్డు అంకెలకు భంగము కలిగించినందులకును, మీ స్వాధీనమునందలి పాదములలో ఒక వేలు లోటు వచ్చినందులకును మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.’

ఇరవయ్యేళ్ళుగా ఆమె రాసిన జవాబులన్నీ ‘తమ దయకు పాత్రురాలను’ అనే ముగిసేవి. ఈసారి తక్కువ మాటల్లో రాసింది.

‘పాదమును మాత్రమే తీసుకొనిపోవుటకు ప్రయత్నించితిని. అది ఒక్కటే రానన్నది. వేలి గురించి: అది నా స్వాధీనములో నుండగా పోలేదు, అయిదు విభాగముల స్వాధీనములో నుండగా పోయినది.’

ఈ జవాబు చీఫ్ ఇంజినీరు బల్ల మీద కొన్నాళ్ళు ఉంది. విశ్వేశ్వరం ఇది ధిక్కారమన్నాడు. శేషతల్పశాయి గారు మాత్రం దాన్ని అక్షరాలా తీసుకున్నారు. ‘సమాధానము సహేతుకము. ఇకమీదట పాదము సహకరించని సందర్భములలో మిగిలిన విభాగముల లిఖితపూర్వక సమ్మతి పొందిన పిమ్మటనే మనిషిని కదపవలెను’ అని పక్కన రాసి సంతకం పెట్టారు. చీలమండ పైనుంచి మోకాలి దాకా కొత్త విభాగం ఒకటి మంజూరు చెయ్యమని కూడా పైకి రాశారు. దానికి పోస్టు మంజూరైంది గానీ మనిషిని వెయ్యలేదు.

సింహాద్రి కర్ర పట్టుకుని డ్యూటీలో చేరాడు. డ్రాయింగు బల్ల దగ్గర నిలబడి గీస్తున్నాడు. అలసినప్పుడు కూర్చుంటున్నాడు. పొగ విభాగం అతన్ని ఇంకా ఎన్నడూ పొగతాగనివాడిగానే చూపిస్తోంది. ఇప్పుడది నిజమవుతోంది గనక ఎవరూ దిద్దలేదు.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం, అందరూ రక్తపోటు కోసం కునుకు తీస్తున్న సమయంలో, రికార్డు గది తలుపు దగ్గర అలికిడైంది. శేషతల్పశాయి గారు ఒంటరిగా నిలబడి ఉన్నారు. ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. రత్నావళి లేచి నిలబడింది. ఆయన తలుపు దగ్గరగా వేయమని సైగ చేసి, ఫైళ్ళ బీరువాల మధ్య ఉన్న స్టూలు మీద కూర్చున్నారు.

“ఇది అధికారిక పర్యటన కాదమ్మా,” అన్నారు.

ఆయన వంగలేక వంగి, బూటు తాడు విప్పుకున్నారు. మేజోడు మడమ దగ్గర తడిసి ఉంది. అది ఆయన అప్పుడే చూశారు. చూసి, సభలో ప్రగతి చదివే గొంతుతో, నాకైతే నొప్పేమీ లేదన్నారు. ఆమె మొహం చూశాక ఆ గొంతు నిలవలేదు.

“ఎక్కడిదాకా చూడమంటారు సార్?” అంది రత్నావళి. ఎగతాళికి అడగలేదు. ఉత్తరువు మీద ఆయన సంతకం ఉంది.

శేషతల్పశాయి గారు మూసిన తలుపు వైపు ఒకసారి చూశారు. ప్యాంటు అంచు పట్టుకుని మోకాలి పైకి లాక్కున్నారు.

“ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా చూడమ్మా.”

ఆమె కింద కూర్చుని దూది ముక్క తీసింది. కళ్ళు మూసుకోమంది, దూది తాకగానే చెప్పమంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, బడిపిల్లవాడిలా శ్రద్ధగా, ఎప్పుడు తాకుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆమె అప్పటికే దూదితో వేలు వేలునూ తాకుకుంటూ వస్తోంది.